స్టడీ హాల్‌లో 11 దాటితే తల బరువు.. ఏసీ ఉన్నా ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా ఏసీ స్టడీ హాల్‌లోనే ఉంటాను. 60 మందిమి కూర్చుంటాం. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. 11 దాటిందంటే తల బరువు, ఆవలింతలు. చదివిన పేజీనే మళ్లీ చదువుతుంటాను. బయటికెళ్లి టీ తాగి వస్తే తేలికగా ఉంటుంది. ఈమధ్య ఒక ఫ్రెండ్ కార్బన్ డయాక్సైడ్ మీటర్ తెచ్చి పెడితే 2,400 చూపించింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇది విషమా? ఆక్సిజన్ తగ్గిపోతోందా? ఓనర్‌ను అడిగితే ‘ఏసీ నడుస్తోందిగా, గాలికేం లోటు?’ అంటున్నారు.

- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు భయం వదిలేయండి. 2,400 అంటే పది లక్షల పాళ్ల గాలిలో 2,400 పాళ్ల కార్బన్ డయాక్సైడ్. బయట ఆరుబయట ఇది 420కి కాస్త అటూఇటూగా ఉంటుంది. ఫ్యాక్టరీల్లో 8 గంటల పనికి చాలా దేశాలు పెట్టుకున్న హద్దు 5,000. ఆక్సిజన్ కూడా 20.9 శాతం నుంచి 20.7కు తగ్గి ఉంటుందేమో, అంతే. మీకు ఊపిరాడక జరుగుతున్నది కాదిది.

అలాగని ఆ అంకెను తీసిపారేయొద్దు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం, అంటే 40,000. ఆ లెక్కన 2,400 ఉన్న గదిలో మీరు పీల్చే ప్రతి 20 శ్వాసల్లో సుమారు ఒక శ్వాసంత గాలి అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లో తిరిగి వచ్చినదే. గదిలో గాలి ఎంత మురిగిందో దీన్నిబట్టి చెప్పొచ్చని జర్మనీలోని మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే వైద్యుడు 1858లోనే తేల్చారు. ఆయన పెట్టిన హద్దు 1,000. ఈనాటికీ చాలాచోట్ల అదే వాడుతున్నారు.

నన్ను కలవరపెట్టేది మీ తలనొప్పి కన్నా ఆ పంచుకున్న ఊపిరే. 60 మందిలో ఒక్కరికి టీబీ ఉండి తెలియకపోతే? తైవాన్‌లోని తైపీలో ఒక యూనివర్సిటీలో అచ్చం ఇదే జరిగింది. అక్కడి గదుల్లో కార్బన్ డయాక్సైడ్ 3,200 దాకా ఉండేది. గాలి మారేలా చేసి దాన్ని 600కు దించాక కొత్తగా టీబీ బారినపడేవారు బాగా తగ్గిపోయారు. మీ హాల్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే మొహమాటపడకుండా కఫం పరీక్షకు పంపించండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే.

ఇక ఓనర్‌గారి మాట. ఆయన తప్పేం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు. స్ప్లిట్ ఏసీకీ బయటి యూనిట్‌కూ మధ్య ఉండే ఆ రెండు రాగి గొట్టాల్లో తిరిగేది చల్లబరిచే గ్యాస్. వాటిలోంచి బయటి గాలి చుక్క కూడా లోపలికి రాదు. గోడమీది యూనిట్ గదిలోని గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ మీ మీదికే వదులుతుంది.

కూర్చుని చదువుకునే మనిషి గంటకు 18 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న హాల్‌ను బిగించి 60 మందిని కూర్చోబెడితే అరగంటలోనే అంకె 2,000 దాటుతుంది. 1,000 లోపు ఉంచాలంటే మనిషికి సెకనుకు 10 లీటర్ల చొప్పున బయటి గాలి కావాలి. మొత్తం గంటకు 2,000 ఘనపు మీటర్లకు పైమాటే. ఒకవైపు గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు, ఎదురుగోడన కిటికీ కాస్త తెరిచి ఉంచడం.. ఇదే మొదటి మందు. ఫ్యాన్ డబ్బా మీద కెపాసిటీ రాసి ఉంటుంది, చూసి కొనమనండి.

‘చల్లగాలంతా బయటికి పోతే కరెంటు బిల్లు ఎవరు కడతారు?’ అని ఆయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మీటర్ అసలు ఉపయోగం ఇక్కడే. సెన్సర్‌ను ఫ్యాన్లకు కలిపితే అంకె 900 దాటగానే ఫ్యాన్లు వేగం పెంచుకుంటాయి, 700కు దిగితే తగ్గిస్తాయి. మధ్యాహ్నం భోజనానికి సగంమంది లేచిపోతే అనవసరంగా తిరగవు. పెద్ద ఆఫీసులు, మాల్స్‌లో చేసేది ఇదే. అయితే మనుషులున్నంతసేపూ పూర్తిగా ఆగకూడదు. కొత్త ప్లైవుడ్, పెయింట్, ఫినాయిల్ వాసనలు ఈ సెన్సర్‌కు తెలియవు. ట్రాఫిక్ రోడ్డు పక్కన హాల్ అయితే గాలి వచ్చే చోట ఫిల్టర్ తప్పనిసరి.

మీటర్‌ను ఒకసారి మేడమీదికి తీసుకెళ్లి పావుగంట ఉంచండి. 400-500 మధ్య చూపించకపోతే దాని మాట నమ్మొద్దు. చవకరకాల్లో కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవనే కొలవవు, వాసనలను బట్టి అంచనా వేస్తాయి. ‘ఎన్‌డీఐఆర్’ (NDIR - పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచే రకం) అని ఉన్నది కొనండి. తల ఎత్తులో, ముఖానికి దూరంగా పెట్టండి.

ఒక హెచ్చరిక. ఈ మీటర్ కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోదు. గ్యాస్ గీజర్ ఉన్న మూసిన బాత్రూంలోనో, జనరేటర్ పొగ దగ్గరో తల తిరిగితే, వాంతి వచ్చేలా ఉంటే అది ప్రాణం మీదికొచ్చే విషయం. వెంటనే బయటికి వచ్చి ఆసుపత్రికి వెళ్లాలి.

మీ తలనొప్పికి గాలి ఒక్కటే కారణమని నేను అనను. స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ ఈ మోతాదులో బుర్రను మందగింపజేస్తుందా అన్నదానిపై పరిశోధనలు ఒకదానితో ఒకటి ఏకీభవించట్లేదు. బయటికెళ్తే తగ్గుతోందంటే గదికి పాత్ర ఉన్నట్టే, కానీ ఆ పది నిమిషాల్లో మీరు నడిచారు, టీ తాగారు, కళ్లకు విశ్రాంతి ఇచ్చారు. టిఫిన్ మానేస్తున్నారా? ఆరు గంటలైనా నిద్ర ఉంటోందా? కళ్లు, బీపీ, హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి. పొద్దున లేవగానే తలనొప్పి, గురక ఉంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి.

ఈ వారం రోజూ గంటకోసారి మీటర్ అంకె, పక్కనే తలనొప్పి ఎంతుందో పదికి మార్కులు వేసి రాయండి. మూడు రోజులు కిటికీలు మూసి, మూడు రోజులు తెరిచి. ఆ కాగితం ఒక కాపీ ఓనర్‌గారికి ఇవ్వండి, ఇంకొకటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.