పికప్ మీద సామాను టకటక సప్పుడుకి

అన్నా, నీ పికప్ క్యారియర్ మీద నిచ్చెన, టూల్‌బాక్స్ స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా టకటక అంటున్నయన్నవ్ కదా, బోల్టు ఇంకా గట్టిగ తిప్పితే పోదది, ఉత్తగ బ్రాకెట్ పగులుతది. ముందు బండి ఆపి ఒక్కొక్కటి చేత్తో కొట్టి చూడు, ఇనుముకి ఇనుము తగిలేకాడనే ఉంటది సప్పుడు. నాదైతే బాక్స్ కాదు, లోపలున్న జాకీ రాడ్, రెండు వారాలు బాక్స్‌నే తిట్టుకున్న. పాత లారీ ట్యూబ్ కోసి మధ్యల పెట్టు, లేకుంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌ల రబ్బర్ షీట్ తెచ్చుకో, 3 ఎంఎం చాలు. నట్లు నైలాక్‌వి, అంటే లోపల నైలాన్ రింగు ఉండేవి, వెయ్, విప్పినవి మళ్ల వాడకు. రబ్బర్ అణుగుతది కాబట్టి 100 కిలోమీటర్లు తిరిగినంక ఇంకోసారి బిగించాలె. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద స్పీడ్‌ల బుర్రుమని వస్తే అది సామాను కట్టిన బెల్టు గాలికి కొట్టుకునుడు, కట్టేటప్పుడు ఒక మెలి తిప్పు, ఆగుతది.