విమాన సంస్థలో కొలువు: బీకాం అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయి హనుమకొండలో బీకాం ఆఖరి సంవత్సరం. లెక్కల్లో చురుకు. విమాన సంస్థలో ఉద్యోగం చేస్తానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షన్నర కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. విమాన సంస్థకు డబ్బు ఎలా వస్తుందో ముందు ఇద్దరూ తెలుసుకోండి. అమ్మాయికి సరిపోయే పని ఎక్కడుందో అక్కడే తేలుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చికి రేటు రాకపోతే రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. విమానం లేచాక మిగిలిపోయిన సీటును అలా దాచుకోలేరు. అందుకే శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు ధరలకు టికెట్ కొని ఉంటారు. సుమారు 180 సీట్లను రకరకాల రేట్ల కింద విడగొడతారు. తక్కువ రేటువి ముందే అమ్మేసి, చివరి రోజుల్లో ఎంతైనా పెట్టి కొనేవాళ్ల కోసం కొన్ని ఆపుతారు. ఎక్కువ ఆపితే ఖాళీగా పోతాయి, తక్కువ ఆపితే మంచి రేటు చేజారుతుంది. పండుగలు, పెళ్లి ముహూర్తాలు, పోటీ సంస్థ ధరలు చూసి ఈ లెక్కను రోజూ సరిచేసే విభాగమే రెవెన్యూ మేనేజ్‌మెంట్. మీ అమ్మాయికి నేను చెప్పే దారి ఇదే.

టికెట్‌తో పాటు నచ్చిన సీటుకు, అదనపు లగేజీకి, భోజనానికి విడిగా వసూలు చేస్తారు. విమానం అడుగు భాగంలో సరుకూ వెళ్తుంది. ఇంత చేసినా మిగిలేది స్వల్పం. 2025లో ప్రపంచవ్యాప్తంగా ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలే లాభం 7 డాలర్ల చుట్టూ ఉంటుందని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ అంచనా వేసింది. ఖర్చులో ఇంధనానిదే పెద్ద వాటా. మన దేశంలో అదింకా జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రానికో రకం వ్యాట్. విమానాల అద్దె డాలర్లలో కట్టాలి కాబట్టి రూపాయి పడిపోయినప్పుడల్లా భారం పెరుగుతుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. ఈ రంగంలో ఆ రిస్క్ ఎప్పుడూ ఉంటుంది, దాచి లాభం లేదు. అయితే ధరల లెక్క నేర్చుకున్నవాళ్లకు హోటళ్లలో, ట్రావెల్ కంపెనీల్లో కూడా పని దొరుకుతుంది.

డిగ్రీ అయ్యేలోగా ఎక్సెల్ మీద గట్టి పట్టు తెచ్చుకోమనండి. ఎస్‌క్యూఎల్ (కంప్యూటర్‌లో దాచిన డేటాను వెతికి తీసే భాష), స్టాటిస్టిక్స్ నేర్చుకోమనండి. ఒక ఢిల్లీ విమానాన్ని ఎంచుకుని నెల రోజులు దాని టికెట్ ధర రాసుకుంటే ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత లెక్క ఉంటుంది. ఇండిగో, ఎయిరిండియా ప్రధాన కార్యాలయాలు గురుగ్రామ్‌లో ఉన్నాయి. అంత దూరం పంపడానికి మీకు టెన్షన్‌గానే ఉంటుంది, కానీ ఈ పనులు ఎక్కువగా అక్కడే. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది, మంచిదే. దాని కోసం చదువు, ఉద్యోగ ప్రయత్నం ఆపొద్దు.

ఉద్యోగానికి డబ్బు తీసుకోబోమని విమాన సంస్థలే తమ వెబ్‌సైట్లలో చెబుతున్నాయి. అయినా చేర్పించాలనిపిస్తే ఆ గ్యారంటీని కాగితం మీద రాసివ్వమనండి. నిరుడు అదే కోర్సు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి చేస్తున్నారో వాళ్లతోనే మాట్లాడి తెలుసుకోండి.