నాన్న పుస్తకంలో ఆ రాత్రి ఉండాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాన్నగారు రైల్వే ఇంజినీరు. కోరాపుట్–రాయగడ లైను సర్వే రోజుల నుంచి 1998లో అది పూర్తయ్యేదాకా ఆ కొండల్లోనే పనిచేశారు. వరదలో నాగావళి దాటిన మనిషి, ఏటా చలికాలంలో దేవమాలి కొండ ఎక్కిన మనిషి. నిరుడు పోయారు. వచ్చే నెల సంవత్సరీకం. ఆయన జ్ఞాపకంగా తమ్ముడు చిన్న పుస్తకం వేయిస్తున్నాడు. 1989లో తమ్ముడికి మలేరియా మెదడుకు పాకితే, అర్ధరాత్రి అమ్మ ఒక్కతే వాణ్ణి ఆసుపత్రికి చేర్చింది. నాన్న నాలుగో రోజు వచ్చారు. నా వ్యాసంలో ఇది రాసి, “నాన్నకు మాకంటే కొండలే ముఖ్యం” అన్నాను. తీసేయమని తమ్ముడు పట్టుబట్టాడు. ఇద్దరికీ మాటలు లేవు. అమ్మ ఏమీ అనదు. నాన్న వేసిన లైను మీద ఆమె ఇప్పటికీ రైలెక్కదు, జయపురం వెళ్ళాలన్నా బస్సే. నేను నాన్నను అవమానిస్తున్నానా?

జవాబు: లేదమ్మా. పదేళ్ళ పిల్ల ఒక రాత్రంతా భయంతో మేలుకుని, ఆ భయాన్ని ముప్పై అయిదేళ్ళకు పైగా లోపల దాచుకుంది. ఇప్పుడు కాగితం మీద పెట్టింది. అది అవమానం ఎలా అవుతుంది?

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందుగా తమ్ముడు గుర్తుకొచ్చాడు. ఆ రాత్రి జ్వరంలో ఉన్నది అతనే. మెదడుకు పాకిన మలేరియాలో మనిషికి స్పృహ ఉండదు. కోరాపుట్, రాయగడ వైపు ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలను అది తీసుకుపోయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి మీరు చూసింది అతను చూడలేదు. నాలుగో రోజు కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన నాన్న ఉన్నారు. అతని జ్ఞాపకం అక్కడి నుంచే మొదలై ఉండవచ్చు. మీకు రాని నాన్న గుర్తు, అతనికి వచ్చిన నాన్న గుర్తు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పైగా తన ప్రాణం మీదికి వచ్చిన సంగతే నాన్న మీద నేరంగా అచ్చులో కనిపిస్తే ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది. అతను తీసేయమన్నది ఆ నొప్పినేమో, ఒక్కసారి అలా ఆలోచించి చూడండి.

ఇక వ్యాసం సంగతి. ఆ రాత్రి ఉండాలి. అమ్మ, చీకటి, జ్వరం, నాలుగు రోజుల ఎదురుచూపు, ఒక్క అక్షరం తగ్గించకండి. కానీ “మాకంటే కొండలే ముఖ్యం” అన్నది జరిగిన సంగతి కాదు, తీర్పు. దాన్ని ఆ పదేళ్ళ పిల్లకే ఇచ్చేయండి. “ఆ రాత్రి నాకు అలా అనిపించింది” అని రాయండి. అప్పుడు అది పూర్తి నిజం అవుతుంది, తమ్ముడు కూడా భరించగలుగుతాడు.

నాన్నగారి ఫీల్డు బుక్కులు ట్రంకుపెట్టెలో ఉన్నాయని రాశారు. ఒకటి తీసి చూడండి. సర్వేలో తప్పు అంకె పడితే రబ్బరుతో చెరపకూడదు. దాని మీద ఒక గీత కొట్టి, కింద ఉన్న అంకె కనబడేలాగే ఉంచి, సరైనది పక్కన రాయాలి. చెరిపిన పుస్తకాన్ని నమ్మరు. ఆయన ఏళ్ళ తరబడి అలాగే రాసి ఉంటారు. ఆ పేజీల్లో ఒకదాన్ని ఫొటో తీసి తమ్ముడికి చూపించండి. వాదన కంటే అది బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఆయన సాహసం గురించీ ఒక మాట చెప్పాలి. విద్యార్థిగా ఉన్నప్పుడు 58 సొరంగాలున్న కొత్తవలస–కిరండూల్ లైను మీద, దారిలో వచ్చిన సొరంగాలు లెక్కపెడుతూ ప్రయాణించి, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడలో దిగి, “నేనూ ఇలాంటిది కడతాను” అన్నారట. ఎంత అందమైన కోరిక! దాన్ని నెరవేర్చుకున్నారు కూడా. తూర్పు కనుమల్లో సొరంగం తవ్వడమంటే మందు పేల్చడం, పొగ పోయేదాకా ఆగడం, ఊగుతున్న రాళ్ళను కడ్డీలతో రాల్చాకే మనుషులను లోపలికి పంపడం. అక్కడి రాయికి ఖోండలైటు అన్న పేరు ఆ కొండల్లో ఉండే కోందుల పేరు మీదే వచ్చిందని మీకు చెప్పింది కూడా నాన్నేనన్నారు. ఆయనతో పనిచేసినవారిలో కోందులూ ఉండే ఉంటారు. బతికి ఉన్నవారిని సంవత్సరీకానికి పిలవండి. పుస్తకంలో ఒక పేజీ ఒడియాలో ఉండనివ్వండి, మనవలకూ అదే చదవడం వచ్చు కదా.

క్యాంపు నుంచి వచ్చిన ఇన్లాండు ఉత్తరాల గురించి మీరు రెండే వాక్యాలు రాసి వదిలేశారు. బడిలో ఒడియా చదివే పిల్లలకు తెలుగు ఒత్తులు రావాలని, రోజంతా కొండ తొలిచిన మనిషి రాత్రి లాంతరు ముందు కూర్చుని గుణింతాలు రాసి పంపారు! ఇవాళ మీరు నాకు ఇంత చక్కని తెలుగులో రాయగలిగారంటే ఆ ఉత్తరాల వల్లే. రానివాడు, రాసినవాడు ఒక్కరే. ఆ ఉత్తరాల్లో ఒకటి ఆ రాత్రి పక్క పేజీలోనే వేయండి.

అమ్మను “నాన్న మీద నీకు కోపం ఉందా” అని అడగకండి. ఆ ప్రశ్నకు ఆమె తరం ఆడవాళ్ళు జవాబివ్వరు. చిన్న ప్రశ్నలు అడగండి. ఆ రాత్రి ఎవరి జీపులో వెళ్ళావు? డబ్బులెవరిచ్చారు? నన్ను ఎవరింట్లో పడుకోబెట్టావు? తమ్ముడు కూడా పక్కనే ఉండి వినాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, ఆమె పేరుతోనే పుస్తకంలో పెట్టండి. ఆ లైను వేసిన కాలంలో ఆ ఇంటిని నిలబెట్టింది ఆమె. ఆమె లేకుండా ఈ పుస్తకం వేయవద్దని తమ్ముడికి నా మాటగా చెప్పండి. ఆమె తిండి, నిద్ర తగ్గుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

పుస్తకం చేతికొచ్చాక, పగటిపూట రైల్లో ముగ్గురూ కోరాపుట్ దాకా వెళ్దామా అని అమ్మను ఒక్కసారి అడగండి. వద్దంటే కారణం అడగకండి. జయపురానికి బస్సులోనే, కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళండి.