పాతకాలం బాగుండేదా? నీళ్లు ఎవరు మోసేవాళ్లో ముందు అడగండి

మీరు అడిగింది ఇది: "మా తాతగారు రోజూ 'మా కాలమే బాగుండేది, ఇప్పుడు పరుగులు తప్ప ఏముంది' అంటారు. నిజంగానే అప్పటి బతుకు ఇప్పటికన్నా బాగుండేదా?"

చాలా విషయాల్లో ఇప్పుడే బాగుంది. కొన్నిట్లో కాదు. అయితే మీ తాతగారు పోయాయని బాధపడేవీ, నేను బాధపడేవీ ఒకటి కాకపోవచ్చు. మాది దర్శి దగ్గర మెట్ట పల్లె. నేను పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, రెండేళ్లకు దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. టీచరుగా చేసి రిటైరై ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాను.

పాతకాలం గురించి ఎవరైనా ముచ్చటగా చెబుతుంటే నేను ఒకటే అడుగుతాను: "మీ ఇంట్లో నీళ్లు ఎవరు మోసేవాళ్లండీ?" మగవాళ్లయితే కాసేపు ఆలోచించి అమ్మ అనో, అక్క అనో అంటారు. కొందరికి గుర్తే రాదు. కుండలో నీళ్లు ఉండేవి, ముంచుకుని తాగేవాళ్లు, అంతే.

మా ఇంట్లో మోసింది మా అమ్మ, మేనత్త, ఆ తర్వాత నేను. తెల్లారకముందే బావి దగ్గరికి పోవాలి. చేద వేసి తోడుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టి దాని మీద ఒక బిందె, చంకలో ఇంకొకటి. మనుషులు తాగడానికే కాదు, గొడ్ల కుడితికి, గిన్నెలకు, బట్టలకు, ఇల్లు అలకడానికి అన్నిటికీ అలా తెచ్చిన నీళ్లే. ఎండలు ముదిరి బావి అడుగంటితే వాగులో ఇసుక తోడి చెలమ తీసేవాళ్లం. నీరు ఊరేదాకా పక్కన కూర్చోవాలి. ఊరినదాన్ని కొబ్బరిచిప్పతో మెల్లగా ముంచి బిందెలో పోసుకోవాలి, తొందరపడితే బురద లేస్తుంది. బిందె నిండేసరికి ఎండ నెత్తికెక్కేది. ఆ రోజుల్లో ఆడపిల్లలు బడికి రాకపోతే పంతులుగారు కూడా ఎందుకని అడిగేవారు కాదు. అప్పుడు పరుగులు లేవని మీ తాతగారు అంటున్నారంటే, ఈ పరుగు ఆయన లెక్కలో లేదన్నమాట.

నీళ్లతో అయిపోతుందా? సజ్జలు దంచాలి, జొన్నలు విసరాలి, పిడకలు చేయాలి, కందికంప తడవకుండా దాచుకోవాలి. వాన పట్టిన రోజుల్లో ఊదుడుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటే మంట రాదు, పొగ మాత్రం వస్తుంది. మా పల్లెలో గ్యాస్ పొయ్యిలు నలుగురి ఇళ్లలో కనిపించింది 1999లో దీపం పథకం వచ్చాకే. సిలిండర్ పేలుతుందని మా అమ్మ చాలాకాలం దాని దగ్గరికి పోలేదు. అలవాటయ్యాక మాత్రం మట్టిపొయ్యి పగలగొట్టించి, ఆ చోటు అలికించి, "పీడ వదిలింది" అంది. ఇప్పుడు కట్టెల పొయ్యి వంటని బోర్డు పెట్టి డబ్బులు తీసుకుంటున్నారు. రుచి వేరేగానే ఉంటుంది, కాదనను. వండిన మనిషి దగ్గు సంగతి ఆ బోర్డు మీద ఉండదు.

తిండి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. సాగర్ కుడి కాలువ నీళ్లు రాకముందు మావైపు వరి అన్నం అంటే పండగకో, చుట్టాలు వస్తేనో. మిగతా రోజులు సజ్జ సంగటి, జొన్న సంగటి, వరిగ అన్నం. ఇప్పుడు ఒంగోలు సూపర్‌మార్కెట్లో కొర్రలు సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. మా నాయనమ్మ చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేది. షుగర్ వచ్చిన మాలాంటివాళ్లకు ఆ తిండే మేలని డాక్టర్లు చెబుతున్నారు, నిజమే. అప్పుడు బియ్యం దొరక్క ఏడ్చాం, ఇప్పుడు మానమంటే ఏడుస్తున్నాం.

"ఆ రోజుల్లో నీళ్లు అమృతం" అని ఇంకో మాట అంటుంటారు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు వచ్చి ఆ మాట అనకండి. మాది ఫ్లోరైడ్ నేల. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును డాక్టర్లు మొట్టమొదట గుర్తించి వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. అంతకుముందు జబ్బు లేక కాదు, దానికి పేరు లేక. నడుం వంగిపోయినవాణ్ణి చూసి ముసలితనం అనుకునేవాళ్లు, ఆ మనిషికి నలభై దాటి ఉండేవి కావు. మెడ తిరగక, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాళ్లు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. పెళ్లిచూపుల్లో నోరు విప్పి నవ్వని అమ్మాయిలు మా వీధిలోనే ఎంతోమంది. మా పెదనాయన ఆఖరి రోజుల్లో మంచం మీద లేచి కూర్చోలేకపోయాడు. ఎవరో చేతబడి చేశారని ఇంట్లోవాళ్లు కోడిని కోయించారు. తాగేది మాత్రం ఆ బావి నీళ్లే.

ఇక్కడి భూమి కింద గ్రానైట్ లాంటి గట్టి రాయి ఉంది. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి మెల్లగా కరుగుతుంది. నీరు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువగా చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. చూస్తే తేటగానే ఉంటాయి. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ విషయంలో కొత్తకాలం కూడా చేతులు దులుపుకోవడానికి లేదు. వానకు నిండే పైబావుల్లో ఫ్లోరైడ్ కొంతైనా పలచబడేది. బోర్లు వేసి లోతుకు పోయేకొద్దీ ఎక్కువైంది. మా వీధిలో చేతిపంపు దించిన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం. నడక తగ్గింది, ఎముకల నొప్పి తగ్గలేదు.

ఇప్పుడు సాగర్ నీళ్లు వస్తున్నాయి, ఆర్‌ఓ ప్లాంట్లు ఉన్నాయి. అన్ని ఊళ్లకూ సరిగ్గా అందుతున్నాయని నేను అనను. 1937లోనే తెలిసిపోయిన జబ్బుకు ఇన్నేళ్ల తర్వాత కూడా క్యాను నీళ్లు కొనుక్కోవడమే మందు అంటే కడుపు మండుతుంది. అయినా మా పెదనాయనకు తెలియనిది ఇప్పటి బడిపిల్లలకు తెలుసు. ఈ నీళ్లలో ఏముందో టెస్ట్ చేసి చెప్పండి అని అడుగుతారు. ఈ తేడా నాకు పెద్దగానే కనిపిస్తుంది.

బావి అందరిదీ కాదు, అదొకటుంది. మా ఊరి బావి గిలక దళితవాడ ఆడవాళ్లు ముట్టుకోకూడదు. కడవ పక్కన పెట్టుకుని, తోడేవాళ్లలో ఎవరికో జాలి కలిగి పోసేదాకా నిలబడాలి. చేద కడవకు తగలకుండా ఎత్తు నుంచి పోసేవాళ్లు, సగం నేలపాలు. 1985 జులైలో కారంచేడులో జరిగింది మీరు వినే ఉంటారు. అప్పుడది ప్రకాశం జిల్లాలోనిదే. తాము తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని దళితులు అన్నందుకు గొడవ మొదలైంది, మర్నాడు ఊరి పెత్తందారులు దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. నేను అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా స్టాఫ్‌రూంలో ఆ మాట ఎవరూ పైకి ఎత్తలేదు. పూర్వం ఊరంతా ఒక్క కుటుంబంగా ఉండేదని ఎవరైనా అంటే, మీ ఇల్లు ఏ వీధిలో ఉండేదండీ అని అడగాలనిపిస్తుంది. ఇప్పుడు కులం పోయిందా అంటే పోలేదు. కానీ ఎవరి వీధికి వాళ్లకు కుళాయి వచ్చింది, ఇంకొకరి జాలి కోసం కడవతో నిలబడే పని తప్పింది.

మా నాయనమ్మను "నీకెంతమంది పిల్లలు?" అని అడిగితే, "పుట్టినోళ్లనా, బతికినోళ్లనా?" అని ఎదురడిగేది. బియ్యం ధర చెప్పినట్టు మామూలుగా అనేది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. ఇప్పుడా సంఖ్య పాతిక దగ్గరికి వచ్చింది. మా పెద్దమ్మ కాన్పు కష్టమై, ఎడ్లబండి మీద ఒంగోలు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. 108 బండి 2005లో వచ్చింది. దీని మీద ఇంకేం వాదిస్తాం?

ఇవన్నీ కాలం మారింది కాబట్టి వాటంతట అవే వచ్చాయనుకుంటే పొరపాటు. 1980ల్లో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా అమ్మించింది ప్రభుత్వమే, వారుణి వాహిని అని దానికో అందమైన పేరు. ప్లాస్టిక్ ప్యాకెట్ కూడా ఆధునికమే కదా! పొగాకు గ్రేడింగుకు పోయి ఆడవాళ్లు తెచ్చిన కూలి అటే పోయేది. దాన్ని ఆపింది నెల్లూరు జిల్లా ఆడవాళ్లు. అక్షరాస్యత ఉద్యమం రోజులవి. రాత్రి బడిలో సారా మీద ఒక పాఠం ఉండేది. అది చదివి, మాట్లాడుకుని, దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు గుంపులుగా పోయి అడ్డం కూర్చున్నారు. నేనూ మావైపు సాయంత్రం తరగతులు చూసేదాన్ని. పలక పట్టుకుని సంతకం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఆ వార్తలు చదివించుకుని వినేవాళ్లు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. సీసాలు తిరిగి వచ్చాయి. కానీ అంతకుముందు తలుపు చాటు నుంచి మాట్లాడినవాళ్లు ఆ తర్వాత గ్రామసభల్లో లేచి నిలబడి మాట్లాడటం నేను చూశాను.

ఇక మీ తాతగారి వైపు మాట్లాడతాను. టీచరుగా నాకు ఇప్పటి కాలంలో అస్సలు నచ్చనిది పిల్లల చదువు తీరు. పది పాసైన పిల్లవాణ్ణి తీసుకుపోయి రెండేళ్లు హాస్టల్లో పెడతారు. తెల్లారుజామున లేపి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు. ఆదివారం ఫోన్లో పిల్లాడు "బాగానే ఉన్నా" అంటాడు, తల్లి బాగానే ఉన్నాడనుకుంటుంది. మా రోజుల్లో పది తప్పితే నాన్న నాలుగు తిట్టి పొలానికి తీసుకుపోయేవాడు. అది గొప్ప బతుకు కాదు, కానీ పదహారేళ్లకే ఇంత టెన్షన్ ఉండేది కాదు. తోటి అమ్మాయిలను ఐదో తరగతితో మాన్పించేవాళ్లు కాబట్టి ఆ లెక్కన మా కాలం మెరుగని కూడా అనలేను. అయినా ఈ హాస్టళ్ల పద్ధతిని నేను సమర్థించలేను, నా మనవడి విషయంలో మా అబ్బాయితో పోట్లాడి మరీ ఇంటి దగ్గర కాలేజీలోనే చేర్పించాను.

పెద్దవాళ్లు ఒంటరివాళ్లయిపోయారనే మాటలో కొంత నిజం ఉంది. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లను అడిగితే వేరే నిజం చెబుతారు. ఒంగోలు గిత్తల సంగతైతే చెప్పక్కర్లేదు, ట్రాక్టర్లు వచ్చాక ఇక్కడి కొట్టాలు ఖాళీ అయ్యాయి. మన నుంచి పోయిన ఆ జాతే బ్రెజిల్లో నెలోర్ అనే పేరుతో కోట్లలో ఉంది.

నిజంగా పోగొట్టుకున్నది చెరువు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కుడిమరామతు అని ఉండేది. ఊరివాళ్లే ఇంటికొకరు చొప్పున వచ్చి కట్ట, తూము, కాలువలు బాగుచేసుకోవాలి. ఆ పనిలోనూ ఎవరికి తట్ట, ఎవరికి పెత్తనం అన్నది కులాన్ని బట్టే ఉండేది, దాన్ని కూడా మరీ మెచ్చుకోలేం. కానీ చెరువు నిండితే చుట్టూ బావుల్లో ఊట ఉండేది. ఎవరి బోరు వాళ్లకు వచ్చాక చెరువు ఎవరికీ పట్టలేదు. పూడిపోయింది, చిల్లకంప అల్లుకుంది, అంచుల్లో ఆక్రమణలు వచ్చాయి. పక్కవాడి బోరు కన్నా లోతుకు పోవాలని అప్పు చేసి మళ్లీ బోరు వేయించి మునిగిపోయిన రైతుల ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

2006 తర్వాత ఉపాధి హామీ పనుల్లో మా ఊరి చెరువు పూడిక తీశారు. తట్టలు మోసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, మగవాళ్లతో సమానంగా కూలి పడింది. మా అమ్మ రోజుల్లో ఆడకూలి మగకూలిలో సగం. చెరువు నిండిన ఏడాది మా పొలంలోని పాత బావికి మళ్లీ ఊట వచ్చింది. శాంపిల్ పట్టుకుపోయి పరీక్ష చేయించాను, ఫ్లోరైడ్ ఇంకా 1.5 పైనే ఉంది. ఆ నీళ్లు మిరప చేనికి పారిస్తున్నారు, తాగడానికి క్యానే.