ఆక్టోపస్ ఇంటి గుమ్మం ఎక్కడ?

ప్రశ్న: సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉద్యోగం. డైవింగ్ అండమాన్‌లో నేర్చుకున్నాను, అక్కడ దిగితే చాలు చేపలే ఎదురొచ్చేవి. ఇక్కడ వెస్ట్ సియాటిల్‌లో డైవర్లు దిగే కోవ్ 2 అనే చోట ఎన్నిసార్లు దిగినా ఆకుపచ్చ మసకే తప్ప ఏమీ కనపడదు. జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ ఇక్కడ మామూలే అంటారు. నాకే ఎందుకు దొరకడం లేదు?
- ఓ పాఠకుడు, అమెరికా

జవాబు: ముందు ఆక్టోపస్‌ని వదిలేసి పీత పెంకుల కోసం వెతకండి. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆక్టోపస్ జాతే, అయినా పగలు ఎక్కువగా రాళ్ల కిందో, మునిగిన పడవ కిందో ముడుచుకుని ఉంటుంది. ఒంట్లో ఎముకన్నది లేదు, గట్టిగా ఉండేది చిలక ముక్కులాంటి నోరొక్కటే, అది పట్టే సందైతే మిగతా ఒళ్లంతా లోపలికి జారిపోతుంది. పైగా రంగూ, చర్మం గరుకూ పక్క రాయికి తగ్గట్టు మార్చేస్తుంది. ఇన్ని తెలివితేటలుండీ తిన్న ఎంగిలి మాత్రం గుమ్మం ముందే పారేస్తుంది!

పీత డొప్పలు, ఆల్చిప్పలు కుప్పగా కనిపిస్తే ఆగండి. నాచు పట్టకుండా శుభ్రంగా ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టే. చిప్పకు ఒక్కోసారి చాలా సన్నటి బెజ్జం కూడా ఉంటుంది, ఆక్టోపస్ తొలిచిందన్నమాట. మూన్ స్నెయిల్ అనే నత్త కూడా బెజ్జం పెడుతుంది గానీ అది పెద్దది, అంచు వాలుగా చెక్కి ఉంటుంది. ఇక పక్క సందులోకి టార్చి వాలుగా వేయండి, ముందు కళ్లు కాదు, చేతుల మీద అతుక్కునే తెల్లటి సక్కర్ల వరస కనపడుతుంది.

కాళ్లకు తొడిగే ఫిన్స్ గట్టిగా ఆడించకండి, అడుగు బురద లేచిందంటే ఆ డైవ్ అయిపోయినట్టే. వసంతంలో, వేసవిలో ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు పెరిగి నీళ్లు మసకబారతాయి, చలికాలంలో తేటగా ఉంటాయి. రాత్రి డైవ్ అయితే ఇంకా నయం, వేటకు అదే బయటికొస్తుంది.

దొరికాక కర్రతో పొడిచి బయటికి లాగాలని చూసేవాళ్లుంటారు, వాళ్లతో మాత్రం వెళ్లకండి. లోపలున్నది తల్లి అయితే, గూటి పైకప్పుకి వేలాడే వేల గుడ్ల మీదికి నెలల తరబడి నీళ్లు ఊదుతూ, తిండి మానేసి, పిల్లలు బయటికొచ్చాక చచ్చిపోతుంది. 2012లో ఆ కోవ్ 2లోనే ఒకతను ఆక్టోపస్‌ని పట్టి ఒడ్డుకు తెచ్చాడు. అప్పటికి అది చట్టవిరుద్ధం కాదు, కానీ డైవర్లు గగ్గోలు పెట్టేసరికి 2013లో వాషింగ్టన్ రాష్ట్రం కోవ్ 2తో కలిపి 7 చోట్ల వాటిని పట్టడం నిషేధించింది.

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో చలికాలం కూడా సముద్రంలోకి దిగుతున్నాడు. మాకు ఇక్కడ ఒకటే టెన్షన్. ఆ చలికి ఏమీ కాదా?
- ఓ తల్లి, రాజమండ్రి

జవాబు: చలి నిజమేనమ్మా, అక్కడ చలికాలం నీళ్లు సుమారు 8 డిగ్రీలుంటాయి. అందుకే చాలామంది డ్రైసూట్ వేసుకుంటారు, ఒంటికి నీరు తగలదు, లోపల వెచ్చటి బట్టలు తొడుక్కోవచ్చు. కాకపోతే ఆ సూట్‌లోని గాలి పైకొచ్చేటప్పుడు వ్యాకోచిస్తుంది, అది వదలడం తెలియకపోతే మనిషి వేగంగా పైకి తేలిపోతాడు, ప్రమాదం అక్కడుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు డ్రైసూట్ క్లాసు చేశావా, తోడు ఎవరొస్తున్నారు అని అడగండి. రెండింటికీ సరిగ్గా జవాబు చెప్తే టెన్షన్ సగం తగ్గించుకోవచ్చు, నసిగితే మాత్రం గట్టిగానే తిట్టండి.