గ్లాసులో చక్కెర లెక్క: కూల్‌డ్రింకులు తగ్గించాలనుకుంటున్న అబ్బాయికి ఉత్తరం

బాబూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. రోజుకు రెండు కోలా క్యాన్లు, పొద్దున్నే ఒక గ్లాసు నారింజ రసం, మూడు కప్పుల టీ. స్వీట్లు మానేసినా బరువు తగ్గడం లేదని, రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, ఎక్కువ వచ్చాయని రాశావు. స్వీట్లు మానడం మంచి పనే. కానీ నీ ఒంట్లోకి వెళ్ళే చక్కెర కంచంలోంచి కాదు, గ్లాసులోంచి వెళుతోంది. ముందు ఆ లెక్క చూద్దాం.

330 మిల్లీలీటర్ల మామూలు కోలా క్యానులో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండింటికీ 70. నారింజ రసంలో పైన ఏమీ కలపకపోయినా 250 మి.లీ. గ్లాసుకు 20 గ్రాములు వేసుకో. టీ చెంచా చక్కెర 4 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు కప్పులకు 24. అన్నీ కలిపితే 114 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు, రోజూ తినే క్యాలరీల్లో 10 శాతం లోపు. 2,000 క్యాలరీలు తినేవాళ్ళకు అది 50 గ్రాములు. సగానికి, అంటే 25 గ్రాములకు దిగితే ఇంకా మేలని కూడా అంది. కొరికి తినే పండులోని చక్కెర, పాలలో సహజంగా ఉండేది ఈ హద్దులోకి రావు. పండ్ల రసం, తేనె, సిరప్‌లు మాత్రం వస్తాయి. నువ్వు ఏమీ తినకముందే ఈ పానీయాలతోనే హద్దు రెండింతలు దాటేశావు.

అంకెలు చూస్తే నమ్మకం కుదరకపోవచ్చు. ఒకసారి ఈ పని చెయ్యి. 330 మి.లీ. మంచినీళ్ళలో తొమ్మిది చెంచాల చక్కెర తలకొట్టి వేసి, కరిగేదాకా కలిపి తాగిచూడు. రెండో గుటకకే మొహం మొత్తుతుంది. మరి కోలా ఎలా దిగుతోంది? అందులోని ఆమ్లం తీపిని కప్పేస్తుంది, గ్యాసు నాలుకను చురుక్కుమనిపిస్తుంది, చల్లదనం వల్ల తీపి తక్కువగా తెలుస్తుంది. అదే కోలాను గ్లాసులో పోసి, గ్యాసు పోయి గోరువెచ్చగా అయ్యేదాకా వదిలెయ్యి. అప్పుడు ఒక గుక్క తాగు, పాకం నోట్లో పోసుకున్నట్టుంటుంది. చక్కెర అంతే ఉంది, దాచిపెట్టినవి మాత్రం పోయాయి.

నాలుక మోసపోయినట్టే కడుపూ మోసపోతుంది. 35 గ్రాముల చక్కెర అంటే 140 క్యాలరీలు. అన్ని క్యాలరీలు నమిలి తింటే తర్వాతి భోజనంలో కొంతైనా తగ్గుతుంది. తాగితే ఆ తగ్గుదల సరిగా ఉండదు, కంచంలో ఎప్పటిలాగే వడ్డించుకుంటావు. బరువు తగ్గకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ట్రైగ్లిజరైడ్ల సంగతి కాలేయం దగ్గర ఉంది. చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒంట్లోని కణాలన్నీ వాడుకుంటాయి, ఫ్రక్టోజు బరువు ఎక్కువగా కాలేయం మీద పడుతుంది. పానీయంలో పీచు ఉండదు, నమిలే పని లేదు, అంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. వాడుకోగా మిగిలినదాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు కొంత రక్తంలోకి ట్రైగ్లిజరైడ్లుగా వస్తుంది, కొంత కాలేయంలోనే పేరుకుంటుంది. ఫ్యాటీ లివర్‌కు ఇదొక దారి. ఫ్రక్టోజు కరిగే క్రమంలో యూరిక్ ఆమ్లం కూడా పెరుగుతుంది కాబట్టి గౌటు (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే జబ్బు) ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తపడాలి. రోజుకు ఒకటి రెండు తీపి పానీయాలు తాగేవాళ్ళకు, దాదాపు తాగనివాళ్ళతో పోలిస్తే, టైప్ 2 షుగరు వచ్చే ముప్పు సుమారు 26 శాతం ఎక్కువని 2010లో పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది.

దంతాల గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. క్యాను పక్కన పెట్టుకుని రెండు గంటలపాటు కొంచెం కొంచెంగా తాగుతానని రాశావు. పీహెచ్ అంటే పులుపుకు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నోట్లో అది 5.5 కంటే తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. కోలా పీహెచ్ సుమారు 2.5. తాగడం ఆపితే లాలాజలం కాసేపటికి నోటిని సర్దుతుంది. నువ్వు పది నిమిషాలకోసారి గుక్క వేస్తే దానికి ఆ వ్యవధే దొరకదు. తాగేదేదో భోజనంతోపాటు తాగేసి, నీళ్ళతో పుక్కిలించు. వెంటనే బ్రష్ చెయ్యకు, మెత్తబడిన పొర అరిగిపోతుంది. అరగంట నుంచి గంట ఆగు.

ఇక తగ్గించే పద్ధతి. రేపటి నుంచి ఒక్క బొట్టు ముట్టనని ఒట్టు పెట్టుకోకు. కోలాలో కెఫీన్ ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే కొందరికి 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై కొన్ని రోజులు వేధిస్తుంది. చాలామంది మూడో రోజు మళ్ళీ క్యాను తెరిచేది ఆ నొప్పికి తాళలేకే. మనసు గట్టిది కాదని తమనే తిట్టుకుంటారు. నువ్వు టీ ఎలాగూ తాగుతావు కనుక దాన్ని అలాగే ఉంచి, కోలాను పలచన చేస్తూ రా.

మొదటి వారం రోజుకు రెండు క్యాన్ల బదులు రెండు గ్లాసులు. 200 మి.లీ. గ్లాసులో 150 కోలా, 50 చక్కెర లేని సోడా. రెండో వారం 100కు 100. మూడో వారం 50 కోలా, 150 సోడా. అప్పటికి గ్లాసుకు చక్కెర 5 గ్రాముల చిల్లరకు వస్తుంది. నాలుగో వారం ఉత్త సోడాలో నిమ్మ చెక్క పిండుకో, లేదా చల్లటి నీళ్ళు తాగు. కొలత కళ్ళతో వెయ్యకు, కొలగ్లాసుతో పొయ్యి. కలిపాక సీసా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. పలచన చేశాను కదా అని రెండు గ్లాసులు నాలుగు చేస్తే మొదటికే వస్తావు, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. క్యాన్లు ఒకేసారి డజను తెచ్చి ఇంట్లో పెట్టకు.

టీలో కప్పుకు అర చెంచా చొప్పున పది రోజులకోసారి తగ్గించు. రెండు, ఒకటిన్నర, ఒకటి, అర. మొదటి మూడు నాలుగు రోజులు చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుక అలవాటు పడుతుంది. చక్కెర బదులు తేనె, బ్రౌన్ షుగర్ వేసుకోవచ్చా అంటే, లెక్క మారదు. అవీ చక్కెరే.

రసం బదులు పండు తిను. ఒక గ్లాసు రసానికి రెండు మూడు నారింజలు కావాలి. కూర్చుని మూడు తినమంటే ఒకటిన్నరకే ఆపేస్తావు. రసమే కావాలంటే 150 మి.లీ. మించకుండా, భోజనంతో. ఏడాది లోపు పిల్లలకు రసం అసలు వద్దు. పాలు తాగొచ్చు, కానీ రుచులు కలిపిన పాలు కొనేముందు వెనకున్న పట్టిక చదువు.

పట్టిక ఎలా చదవాలంటే, ముందు "100 మి.లీ.కి" అన్న వరుస చూసి, సీసాలో ఎన్ని వందల మి.లీ. ఉంటే అంతతో గుణించు. "ఒక వడ్డనకు" అన్న వరుస మోసం చేస్తుంది. 500 మి.లీ. సీసాను రెండు వడ్డనలుగా చూపించి సగం చక్కెరే కళ్ళబడేలా రాస్తారు, తాగేది మాత్రం సీసా అంతా. 100 మి.లీ.కి 2.5 గ్రాములు దాటనిది తక్కువ చక్కెర. పదార్థాల జాబితాలో గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్, పండ్ల రసం కాన్సంట్రేట్ అని కనిపిస్తే అవన్నీ చక్కెరకు మారుపేర్లే.

డైట్ కోలాకు మారొచ్చా అని అడిగావు. చక్కెర ఉండదు కాబట్టి నెలా రెండు నెలలు ఊతకర్రలా వాడుకో, కాదనను. బరువు తగ్గడానికి ఈ కృత్రిమ తీపులను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆమ్లం అలాగే ఉంటుంది గనుక పళ్ళకు వచ్చే నష్టమూ పూర్తిగా పోదు. ఎనర్జీ డ్రింకుల జోలికి వెళ్ళకు; 250 మి.లీ. డబ్బాలో సుమారు 27 గ్రాముల చక్కెర, 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటాయి. నిద్ర తక్కువైనవాడికి అది మందు కాదు. స్పోర్ట్స్ డ్రింకులు గంటకు మించి చెమటలు కక్కేలా కసరత్తు చేసేవాళ్ళకే. అరగంట నడకకు నీళ్ళు చాలు.

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకు. ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్ళకు వణుకు, చెమట, కళ్ళు తిరగడం వచ్చి షుగర్ పడిపోతే, అప్పుడు 150 మి.లీ. మామూలు కోలా లేదా రసం వెంటనే తాగించాలి. 15 నిమిషాలకు మళ్ళీ పరీక్షించి, పెరగకపోతే మరోసారి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, అంబులెన్సు పిలవాలి. డైట్ కోలా ఈ పనికి రాదు. విరేచనాలకు మాత్రం కూల్‌డ్రింకు ఇవ్వకు; అంత చక్కెర పేగులోకి నీళ్ళను లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. ఓ.ఆర్.ఎస్. పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి ఇవ్వు.

కలపడం మొదలుపెట్టేముందు మూడు రోజులు ఒక చీటీ రాయి. ఎన్ని గంటలకు, ఏది, ఎన్ని మి.లీ., అప్పుడు దాహమా, నిద్రమత్తా, పక్కవాడు తాగుతున్నాడనా. అది నాకు పంపు. ముందు ఏ గ్లాసు మీద చెయ్యి వెయ్యాలో దాన్ని చూసి చెప్తాను.

నీ పెద్దమ్మ