చూడి గేదె కోసం మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. మా ఆయన పొగాకు బ్యారన్‌లో పనికి వెళ్తారు. సీజన్లో ఇద్దరం కలిసి నెలకు 14,000 తెస్తాం. డ్వాక్రా కిస్తీ 2,500 కడుతున్నాను. మైక్రోఫైనాన్స్ వాళ్లు రూపాయి వడ్డీకి 60,000 ఇస్తామంటున్నారు. రెండేళ్లు నెలకు 3,100 కట్టాలట. దాంతో చూడి గేదెను కొందామనుకుంటున్నాం. ఇంకో మూడు నెలల్లో ఈనుతుంది. తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, గేదె ఆలోచన మంచిదే. ఈ అప్పుతో మాత్రం వద్దు.

నెలనెలా అసలు తీరుతున్నా వాళ్లు చివరిదాకా 60,000 మీదే వడ్డీ వేస్తున్నారు. తగ్గే అసలు మీద లెక్క కడితే ఇది ఏడాదికి 21 శాతం పైమాటే. మొత్తం మీరు కట్టేది 74,400.

వడ్డీ కన్నా నాకు టెన్షన్ పెట్టేది కిస్తీ తేదీ. కిస్తీ వచ్చే నెల నుంచే మొదలు, పాలేమో ఈనాక. ఆలోగా 9,300 కట్టాలి, దాణా, ఎండుగడ్డి ఖర్చు వేరే. ఈలోపు బ్యారన్ పని ఆగిపోతే కిస్తీ కోసం ఇంకో అప్పు చేస్తారు. 2010లో మన రాష్ట్రంలో ఎన్నో కుటుంబాలు అలాగే చితికిపోయాయి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధన ప్రకారం కిస్తీలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు. సీజన్ ఆదాయం చూపిస్తే మీ 5,600 అందులో ఇమిడిపోతుంది, అప్పు వచ్చేస్తుంది. పని లేని నెలల్లో కట్టాల్సింది మాత్రం మీరే.

కోల్‌కతాలో పరిశోధకులు ఇలాంటి అప్పు తీసుకున్నవాళ్లలో కొందరికి రెండు వారాలకే కిస్తీ మొదలుపెట్టి, మరికొందరికి రెండు నెలల గడువిచ్చి చూశారు. గడువు దొరికినవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, తర్వాత లాభాలూ ఎక్కువే వచ్చాయి. అయితే కట్టలేకపోయినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. సంస్థలు గడువు ఇవ్వడానికి జంకేది అందుకే.

ముందు మీ సంఘంలో పొదుపు డబ్బు నుంచి అప్పు అడగండి. రోజుకో రూపాయి దాచి నెల్లూరు ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టింది ఇలాంటి అవసరాలకే. సంఘం ద్వారా బ్యాంకు అప్పయితే సంఘం మొత్తానికి 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకే దొరుకుతుంది. మీ సంఘానికి ఇంకా ఎంత వస్తుందో లీడర్‌ని అడగండి. ఈ నెల నుంచే ఆ 3,100 పక్కన పెట్టి చూడండి. బ్యారన్ పని లేని నెలల్లో కూడా పెట్టగలిగితే, అప్పుడు గేదె బేరానికి వెళ్లండి. చూడిది కాకుండా ఈనిన గేదెనే కొనండి. రెండు పూటలా దగ్గరుండి పాలు పిండించి చూశాకే బజానా ఇవ్వండి. కొన్నరోజే పశువైద్యుడి దగ్గర బీమా సంగతి కనుక్కోండి.